గుర్తు మనదే, చొక్కా మనదేనా?

నా చిన్నతనంలో మా ఇంటి బట్టలన్నీ వారానికొకసారి మూటకట్టి రేవుకు పోయేవి. రేవులో పదిళ్ళ బట్టలు కలిసిపోతాయి గదా, మరి ఎవరి పంచె వాళ్ళ ఇంటికే ఎట్లా తిరిగి వచ్చేది? దానికొక ఉపాయం ఉండేది. బట్టలు ఉతికే అవ్వ మన అడవుల్లో దొరికే నల్లజీడి గింజను సూదితో గుచ్చి, ఆ రసంతో గుడ్డ అంచున చిన్న గుర్తు పెట్టేది. ఒక ఇంటికి రెండు చుక్కలు, ఇంకొక ఇంటికి ఒక గీత, మరొక ఇంటికి గీత మీద చుక్క. ఎన్నిసార్లు బండకేసి బాదినా ఆ మరక పోదు. మా ఇంటి గుర్తు మూడు చుక్కలు.

ఒకసారి మూటలో మూడు చుక్కల చొక్కా ఒకటి వచ్చింది. గుర్తు మనదే గదా అని నేను తొడుక్కున్నాను. చేతులు నా వేళ్ళు దాటి వేలాడాయి. మా అమ్మ నన్ను చూసి నవ్వి, "గుర్తు మనదే, చొక్కా మనది కాదు," అన్నది. ఆ అవ్వ మసక వెలుతురులో ఒక ఇంటి గుర్తు ఇంకొక ఇంటి బట్టకు పెట్టిందన్నమాట. ఆ చొక్కా గలాయన మర్నాడు పెళ్ళికి పోవలసినవాడు. పాపం, ఆ పూటంతా దాని కోసమే వెతుకుతున్నాడట!

ఇది దాదాపు అరవై ఏళ్ళ కిందటి మాట. అమ్మ చెప్పిన ఆ చిన్న మాటను నేను మరిచిపోయాను. మరిచినందుకు ఈ మధ్య నా పాత శిష్యుడొకడు నిలువునా మోసపోవలసి వచ్చింది. ఆ సంగతే ఈ నెల మీకు చెబుతాను.

ఆ శిష్యుడు ఇప్పుడు పెద్దవాడు. ములుగు దగ్గర మిర్చి పండిస్తాడు. వాళ్ళ బాపు వయసులో ఉన్నప్పుడు ఒక తునికాకు గుత్తేదారు దగ్గర జీపు నడిపేవాడు. ఎండాకాలం వచ్చిందంటే ఏటూరునాగారం అడవి దారుల్లో పగలూ రాత్రీ ఆ జీపే ఆయన ఇల్లు. ఇప్పుడాయన ముసలివాడు, మోకాళ్ళు పట్టేసి ఎక్కువగా అరుగు మీదనే కూర్చుంటాడు. రోజూ ఏదో ఒక వేళ ఆ జీపు మాట ఎత్తకుండా ఉండడు. ఈసారి మిర్చికి మంచి ధర వచ్చేసరికి, బాపుకు ఒక పాత జీపు కొని వాకిట్లో నిలపాలని కొడుక్కు బుద్ధి పుట్టింది.

పాలంపేట దారిలో ఒక షెడ్డులో జీపు ఉన్నదని దళారి ఒకడు చెప్పాడు. "ఇది మామూలు జీపు కాదు, రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసిన అమెరికా జీపు. 1944 నాటిది. అందుకే ధర మూడింతలు," అన్నాడట. సాక్ష్యంగా జీపు లోపల బిగించి ఉన్న ఒక రేకుబిళ్ళను చూపించాడు.

నా శిష్యుడు ఆ బిళ్ళను ఫోనులో ఫొటో తీసి నా దగ్గరికి తెచ్చాడు. "సార్, ఇదేదో చదివి చెప్పండి. ఇంగ్లీషే గాని నాకు అంతుపట్టలేదు," అన్నాడు.

పాత శిష్యుడు ఇన్నేళ్ళకు మళ్ళీ పాఠం అడిగితే ఏ మాస్టారికి సంతోషం కాదు? కళ్ళద్దాలు సవరించుకొని మొదలుపెట్టాను.

బిళ్ళ మీద "విల్లీస్" అని పేరు ఉన్నది. విల్లీస్-ఓవర్లాండ్ అనేది అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో నగరపు కంపెనీ. నమూనా అన్నచోట "ఎం.బి." అని రెండక్షరాలున్నాయి. 1941 నుంచి 1945 దాకా ఆ కంపెనీ సైన్యానికి చేసి ఇచ్చిన జీపు పేరు అదే. క్రమసంఖ్య మూడు లక్షల ముప్ఫై వేల పైచిలుకు. ఎం.బి. జీపుల లెక్క 1,00,001తో మొదలైంది. 1944 నాటికి మూడు లక్షలు దాటింది. సైన్యానికి అప్పగించిన తేదీ అన్నచోట 1944 అనే ఉన్నది. అన్నీ ఒకదానికొకటి సరిపోయాయి.

"లెక్క సరిగ్గా ఉన్నదిరా," అన్నాను.

వాడు ఆ సాయంత్రమే వెళ్ళి దళారి చేతిలో ఇరవైవేలు బయానా పెట్టి వచ్చాడు.

నేను చదివినదాంట్లో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అయినా తప్పు చేశాను. ఎక్కడ చేశానో చెప్పేముందు, అసలు కార్ల కర్మాగారాలు ఇట్లాంటి గుర్తులు ఎందుకు రాస్తాయో మీరు తెలుసుకోవాలి.

పండగ ముందు దర్జీ దుకాణానికి ఎప్పుడైనా వెళ్ళారా? ఒకరికి పొట్టి చేతులు, ఇంకొకరికి పొడుగు చేతులు, ఒకరికి రెండు జేబులు, మరొకరికి ఒకటే. దర్జీ ఒక చీటీ మీద నాలుగు అంకెలు, రెండు అక్షరాలు గీకి ఆ గుడ్డకు గుచ్చుతాడు. లోపల కూర్చుని కుట్టేవాడికి మీతో మాట్లాడే పని లేదు. చీటీ చూస్తే చాలు. కార్ల కర్మాగారంలోనూ అంతే.

1964 ఏప్రిల్ 17న అమెరికాలో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ అనే కారును అమ్మకానికి పెట్టింది. రెండేళ్ళు తిరగకముందే అట్లాంటివి పది లక్షలు తయారయ్యాయి. కాని పది లక్షల కార్లూ ఒక్క తీరువి కావు. కొనేవాడు తన ఇష్టం వచ్చిన ఇంజన్ను, రంగును, గేర్లను కోరుకోవచ్చు. లెక్క వేసి చూడండి: పైకప్పులో 3 రకాలు, ఇంజన్లలో 4, గేర్లలో 3, రంగుల్లో 15 ఉన్నాయనుకుందాం. 3ను 4తో, దాన్ని 3తో, దాన్ని 15తో గుణిస్తే 540. అనగా ఒకే పేరు గల కారుకు 540 రూపాలు! ఇన్నిటిలో ఏది ఎవరు కోరారో కూలీలు గుర్తుపెట్టుకోలేరు గదా. అందుకని కారు తలుపు అంచున ఒక రేకుబిళ్ళ బిగించి, దాని మీద ఆ కారు జాతకమంతా కొన్ని అక్షరాల్లో కొట్టేవారు.

1966 మస్టాంగ్ బిళ్ళ మీద "6 ఎఫ్ 07 సి" అని ఉన్నదనుకోండి. మొదటి 6 అంటే 1966 నమూనా. తరవాతి అక్షరం కర్మాగారం ఉన్న ఊరు: ఎఫ్ అయితే డియర్‌బార్న్, ఆర్ అయితే శాన్ హోసే, టి అయితే మెటుచెన్. ఆ పైన రెండంకెలు కారు ఒడ్డూపొడుగూ చెబుతాయి: 07 అయితే గట్టి కప్పు, 08 అయితే గొడుగులాగా మడిచే కప్పు, 09 అయితే వెనక్కు వాలిన కప్పు. చివరి అక్షరం ఇంజన్. టి అంటే ఆరు సిలిండర్లది, 120 గుర్రాల బలం. సి, ఎ, కె మూడూ ఎనిమిదేసి సిలిండర్లవి. సి బలం 200, ఎ బలం 225, కె బలం 271. వీటి వెనక 1,00,001 నుంచి మొదలయ్యే క్రమసంఖ్య ఉంటుంది.

తేదీ రాసే పద్ధతి ఇంకా తమాషాగా ఉంటుంది. నెలకు ఒక్క అక్షరం: ఎ జనవరి, బి ఫిబ్రవరి, సి మార్చి... ఇట్లా ఎం దాకా. అయితే ఎ నుంచి ఎం వరకు లెక్కపెడితే 13 అక్షరాలు, నెలలేమో 12. అదెట్లా? మధ్యలో ఐ అనే అక్షరాన్ని వదిలేశారు. ఇంగ్లీషు ఐ నిలువుగీత, 1 అనే అంకె కూడా నిలువుగీత. చదివేవాడు తికమకపడతాడని ఆ అక్షరానికి సెలవు ఇచ్చారు. మంచి గుర్తు పెట్టేవాడు, చూసేవాడు ఎక్కడ పొరబడతాడో ముందే ఆలోచిస్తాడు.

ఇప్పుడు అసలు చిక్కుకు వద్దాం. కె రకపు మస్టాంగులు తక్కువ తయారయ్యాయి. పాత కార్లు దాచుకొనేవాళ్ళు వాటికి ఎక్కువ డబ్బు ఇస్తారు. అంటే "సి" అన్నచోట "కె" అని ఉంటే కారు విలువే మారిపోతుంది. ఒక్క అక్షరం! ఆశ పుట్టించడానికి అది చాలదా? అందుకే అనుభవం గలవాళ్ళు తలుపు బిళ్ళ చూసి ఊరుకోరు. ముందు చక్రం పైన ఇంజన్ పక్కనున్న రేకు మీద అదే సంఖ్యను కర్మాగారం లోతుగా కొట్టి ఉంటుంది. దానితో పోల్చి చూస్తారు. కె రకానికి వెనక ఇరుసు మామూలు వాటికంటె దిట్టమైనది పెట్టేవారు. కిందికి వంగి దాన్ని చూస్తారు. బిళ్ళ ఒక మాట చెప్పి, ఇరుసు ఇంకొక మాట చెబితే, వాళ్ళు ఇరుసునే నమ్ముతారు.

ఇదంతా నేను మా మనవరాలికి గొప్పగా చెబుతున్నాను. అది ఆరో తరగతి చదువుతున్నది. అంతా విని, "తాతయ్యా, మరి ఆ జీపుకు బిళ్ళే చూశావు. జీపును చూశావా?" అని అడిగింది.

నా నోట మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళు బడిలో "జవాబు రాసి ఊరుకోకండి, సరిచూడండి" అని చెప్పినవాణ్ణి నేను! అమ్మ అన్న మాట అప్పుడు గుర్తుకొచ్చింది. బిళ్ళ సరే. చొక్కా ఎవరిది?

మర్నాడు ఆదివారం. నా శిష్యుణ్ణి, మనవరాల్ని వెంటబెట్టుకొని పాలంపేట దారి పట్టాను. ఎటూ ఆ దారే గనక ముందు రామప్ప గుడికి వెళ్ళాం. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన గుడి అదే. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. కాని ఆ రోజు నేను శిల్పాల కోసం పోలేదు, శాసనం కోసం పోయాను.

గుడి ఆవరణలో రాతి మీద చెక్కిన శాసనం ఉన్నది. కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించిన సంగతి అది చెబుతుంది. మన జీపుకు బిళ్ళ ఎట్లాంటిదో, గుడికి ఆ శాసనం అట్లాంటిది. అందులో కాలాన్ని ఒక్క అంకెతో చెప్పి ఊరుకోలేదు. శక సంవత్సరం 1135 అన్నారు. శ్రీముఖ సంవత్సరం అన్నారు. చైత్ర శుద్ధ అష్టమి అన్నారు. ఆదివారం అని కూడా అన్నారు.

మనవరాలి చేత అక్కడే లెక్క కట్టించాను. శక సంవత్సరానికి 78 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. 1135కు 78 కలిపితే 1213. మరి శ్రీముఖ? మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. 1993లో వచ్చిన ఉగాది శ్రీముఖ. 1993 నుంచి 1213 తీసేస్తే 780. దాన్ని 60తో భాగిస్తే సరిగ్గా 13, శేషం సున్న! అనగా 1213 కూడా శ్రీముఖమే. ఇక ఆ ఏటి చైత్ర శుద్ధ అష్టమిని లెక్కకడితే 1213 మార్చి 31 అవుతుంది. అది ఏ వారమో తెలుసా? ఆదివారమే.

"చూశావా! అంకె ఒక సాక్షి, సంవత్సరం పేరు ఇంకొక సాక్షి, వారం మూడో సాక్షి. ముగ్గురూ విడివిడిగా వచ్చి ఒకే మాట చెప్పారు. అందుకే ఎనిమిది వందల ఏళ్ళ తరవాత కూడా ఈ రాతిని మనం నమ్ముతున్నాం," అన్నాను.

"జీపుకు కూడా ముగ్గురు సాక్షులు కావాలి," అన్నది మనవరాలు.

షెడ్డుకు వెళ్ళేసరికి దళారి మాకోసం కుర్చీలు వేయించి ఉన్నాడు. జీపు ఆకుపచ్చ రంగుతో మెరిసిపోతున్నది. బానెట్ మీద తెల్లని నక్షత్రం కూడా వేయించారు. చూడగానే సినిమాలో జీపులాగా ఉన్నది. నా శిష్యుడి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం గుండె కొట్టుకుంటున్నది. నా మాట మీదనే గదా వాడు బయానా ఇచ్చింది!

మనవరాలికి ఒక పని చెప్పాను: "ముందు జాలీలో నిలువు సందులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు."

యుద్ధకాలంలో జీపులకు మహా గిరాకీ. ఒక్క విల్లీస్ కంపెనీ చేసి చాలలేదు. అదే నమూనాను ఫోర్డ్ కంపెనీ చేత కూడా చేయించారు. విల్లీస్ సుమారు 3,60,000, ఫోర్డ్ సుమారు 2,78,000 జీపులు చేశాయి. ఫోర్డ్ జీపు పేరు "జి.పి.డబ్ల్యు." జి అంటే ప్రభుత్వపు బండి, పి అంటే ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 80 అంగుళాల దూరం, డబ్ల్యు అంటే విల్లీస్ వారి నమూనా. ఫోర్డ్ తన జీపు భాగాల మీద, ఆఖరుకు బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అని ముద్ర కొట్టింది. ఎవరు చేసినా 1944 నాటికి సైన్యపు జీపు ముందు జాలీకి 9 సందులుండేవి. 1945లో విల్లీస్ మామూలు జనం కోసం "సి.జె." అనే జీపులు మొదలుపెట్టి, దీపాలు పెద్దవి చేసి, సందులను 7కు తగ్గించింది.

"ఏడే ఉన్నాయి తాతయ్యా," అన్నది మనవరాలు. రెండోసారి లెక్కపెట్టినా ఏడే.

దళారి తడుముకోకుండా, "జాలీ పాతది తుప్పు పట్టింది సార్, మార్చారు," అన్నాడు. కావచ్చు. ఒక్క సాక్షి మాట తప్పిందని తీర్పు చెప్పకూడదు.

వెనకకు వెళ్ళాం. సైన్యపు జీపుకు వెనక తెరిచే తలుపు ఉండదు. స్టెప్నీ వెనకనే తగిలించి ఉంటుంది. ఈ జీపు వెనక గొలుసులతో దించే తలుపు ఉన్నది. "సామాను ఎక్కించడానికి కోయించారు సార్," అన్నాడు. సరే. ముందు అద్దం చూశాం. సైన్యపు జీపు అద్దం రెండు పలకలు; దీనికి ఒకటే పలక. "అది పగిలింది సార్, వేరేది పెట్టించారు."

ఆర్.సి. అడిగాను. అందులో 1968 అని ఉన్నది. "సైన్యం వేలం వేశాక రిజిస్టర్ చేయించారు, అందుకే," అన్నాడు. యుద్ధం తరవాత సైన్యపు జీపులు అట్లా మామూలు జనం చేతికి వచ్చిన మాట నిజమే. కాబట్టి ఆర్.సి. కూడా అటూ ఇటూ తేల్చలేదు.

అప్పుడు బానెట్ ఎత్తించాను. ఎత్తకముందే నాకు అనుమానం వచ్చింది. ముందు నుంచి చూస్తే బానెట్ బాగా ఎత్తుగా, బండికి గడ్డం కింద పుస్తకాలు పేర్చినట్టు ఉన్నది. సైన్యపు జీపు ఇంజన్ బలం 60 గుర్రాలు. అందులో గాలి లోపలికి వచ్చే కవాటమూ, పొగ బయటికి పోయే కవాటమూ రెండూ సిలిండరు పక్కనే ఉంటాయి. అందుచేత ఇంజన్ పొట్టిగా ఉంటుంది, బానెట్ చదునుగా ఉంటుంది. తరవాతి కాలంలో ఇంజన్ బలం పెంచడానికి గాలి కవాటాన్ని పక్క నుంచి తీసి పైన పెట్టారు. ఇంజన్ పొడుగైంది. పొడుగైన ఇంజన్ పట్టాలంటే బానెట్ ఎత్తు పెంచక తప్పదు. అట్లా 1953లో వచ్చిన ఎత్తు బానెట్ జీపు పేరు "సి.జె. 3 బి." మన దేశంలో మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో బొంబాయిలో జీపులు కూర్చడం మొదలుపెట్టి, తరవాత ఏళ్ళ తరబడి తయారుచేసిన జీపు కూడా ఈ ఎత్తు బానెట్‌దే.

మా ముందున్నది ఆ పొడుగు ఇంజనే.

"ఇంజన్ కూడా మార్చారు సార్..." అని దళారి మొదలుపెట్టాడు.

నేను ఆయన్ను ఆపి నెమ్మదిగా అడిగాను: "జాలీ మారింది, తలుపు మారింది, అద్దం మారింది, బానెట్ మారింది, ఇంజన్ మారింది. ఇక 1944లో పుట్టింది ఏది బాబూ? ఆ బిళ్ళ ఒక్కటేనా?"

ఎవరూ మాట్లాడలేదు. నా శిష్యుడు లోపలికి వంగి బిళ్ళను వేలితో తడిమాడు. దాన్ని పట్టి ఉంచిన స్క్రూలు కొత్తగా తళతళలాడుతున్నాయి. పాత జీపులకు బాగుచేసుకొనేవాళ్ళ కోసం అచ్చం పాతవాటిలాగే కొత్త బిళ్ళలు చేసి అమ్మేవాళ్ళున్నారు. అందులో తప్పేమీ లేదు. కాని ఆ బిళ్ళను తనది కాని బండికి బిగిస్తే, అది మూడు చుక్కల పరాయి చొక్కా అవుతుంది.

దళారి తల గోక్కున్నాడు. "నాకు అమ్మినాయన అట్లానే చెప్పాడు సార్. నేనూ బిళ్ళ చూసే కొన్నాను," అన్నాడు. ఆ మాట నిజమో కాదో నాకు తెలియదు. నిజమే అయితే, ఆయనా నేనూ ఒకే తప్పు చేశాం. నేను నా శిష్యుడి వైపు తిరిగి, "తప్పు నాదేరా. బండిని చూడకుండా లెక్క సరిపోయిందన్నాను. బయానా వెనక్కు అడుగుదాం," అన్నాను. నా జీవితంలో శిష్యుడి ముందు అట్లా అనవలసి రావడం అదే మొదలు కాదు గాని, అంత కష్టమనిపించడం మాత్రం అదే మొదలు.

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. జీపు చుట్టూ మరొకసారి తిరిగాడు. తరవాత ఫోను తీసి ఇంటికి వీడియో కలిపి, అరుగు మీదున్న వాళ్ళ బాపుకు జీపును చూపించాడు. "బాపూ, ఇది యుద్ధంలో తిరిగిన జీపు కాదట," అన్నాడు దిగులుగా.

ముసలాయన కాసేపు చూసి ఏమన్నాడో తెలుసా? "యుద్ధపు జీపు నేనెన్నడు నడిపిన బిడ్డా? నేను నడిపింది ఇదే. ఈ ఎత్తు బానెట్‌దే. వాగుల్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చినయో ఆ బానెట్‌ను చూసే గుర్తుపట్టేటోణ్ణి."

మేమంతా ముఖముఖాలు చూసుకున్నాం. కొడుకు బాపు కోసం వెతికిన జీపు ఇన్నాళ్ళూ ఆ అబద్ధపు బిళ్ళ వెనకనే ఉన్నది!

బేరం మళ్ళీ మొదలైంది. ఈసారి 1968 నాటి మామూలు పాత జీపుకు తగిన ధరే ఖాయమైంది. ఇచ్చిన ఇరవైవేలూ అందులో కలిసిపోయాయి. బండి ఇంటికి పోయేముందు నా శిష్యుడు స్క్రూలు విప్పి, బిళ్ళను తీసి నా చేతిలో పెట్టాడు. అది ఇప్పుడు నా బల్ల మీద కాగితాలు ఎగరకుండా ఉంచుకున్నాను. ఏదైనా చదివి "సరిగ్గా ఉన్నది" అనబోయినప్పుడల్లా ఒకసారి దానివైపు చూస్తాను.

పిల్లలూ! ఇప్పుడు మీకొక పని. మీ ఇంట్లో మోటారు సైకిలో, కారో, ఆటోనో ఉన్నదా? ఈ రోజుల్లో వాహనాలకు 17 గుర్తుల చాసిస్ సంఖ్య ఉంటుంది. అమెరికాలో 1981 నమూనాల నుంచి ఈ 17 గుర్తుల పద్ధతి తప్పనిసరి అయింది. మిగతా దేశాల్లోనూ అదే నడుస్తున్నది. మన దేశపు బండ్ల సంఖ్య ఎం. అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలవుతుంది. మొదటి మూడు గుర్తులు చేసినవాడి పేరు: ఎం.ఎ.1 అయితే మహీంద్రా, ఎం.ఎ.3 అయితే మారుతీ సుజుకీ, ఎం.బి.ఎల్. అయితే హీరో, ఎం.డి.2 అయితే బజాజ్, ఎం.డి.6 అయితే టి.వి.ఎస్. అమెరికా బండ్లలో తొమ్మిదో గుర్తు ఇంకొక విశేషం. మిగిలిన పదహారు గుర్తులనూ ఒక పద్ధతి ప్రకారం గుణించి, కూడి, 11తో భాగిస్తే వచ్చే శేషం అది. ఎవరైనా ఒక్క అంకె మార్చినా లెక్క తప్పి బయటపడుతుంది. సాక్షిని సంఖ్య లోపలే కూర్చోబెట్టారన్నమాట!

అమ్మనో నాన్ననో అడిగి ఆర్.సి. తీయించండి. అందులోని సంఖ్యను, బండి మీద కొట్టి ఉన్న సంఖ్యను పక్కపక్కన పెట్టి ఒక్కొక్క గుర్తే సరిచూడండి. మోటారు సైకిలుకైతే అది హ్యాండిలు కింద మెడ దగ్గర దొరుకుతుంది. మీ ఇంటి సంఖ్యను మాత్రం ఎవరికిబడితే వారికి చెప్పకండి. తల్లిదండ్రులకు నా మనవి ఒకటే: పాత బండి కొనేటప్పుడు ఈ పని మీరూ చేయండి, పక్కన పిల్లల్ని పెట్టుకొని చేయండి. వాళ్ళు మనకంటె బాగా లెక్కపెడతారు.

ఇక ఈ నెల ప్రశ్నలు రెండు.

ఒకటి: నేను కల్పించిన మస్టాంగ్ బిళ్ళ మీద "6 టి 08 ఎ 110000" అని, తేదీ అన్నచోట "20 కె" అని ఉన్నది. ఆ కారు జాతకం చెప్పండి. తొందరపడకండి! 1966 నమూనా కార్లను 1965 ఆగస్టు నుంచే చేయడం మొదలుపెట్టారు. కాబట్టి ఆ తేదీ ఏ సంవత్సరానిదో ఆలోచించి రాయండి.

రెండు: 17 గుర్తుల సంఖ్యలో మూడు ఇంగ్లీషు అక్షరాలు ఎన్నడూ రావు. ఒకటి ఏదో మీరు ఇప్పటికే పట్టి ఉంటారు. మిగతా రెండూ ఏవి, ఎందుకు?

జవాబులు వచ్చే నెల చెప్పుకుందాం. రాసి ఊరుకోకండి, సరిచూసి పంపండి.